500 నాణేలకు మనిషి దొరుకుతాడా? కంపానియన్లు, కొల్లసొమ్ము, కోవెలకుంట్ల ఖజానా

దిగువ అహోబిలం నుంచి మాట్లాడుతున్నా. ముందే ఒక మాట. ఈ ఎపిసోడ్‌లో కటింగ్ సరిగ్గా లేదు. మధ్యలో ఫ్యాన్ చప్పుడు వస్తుంది. రెండు చోట్ల నేను దగ్గింది కూడా అట్లే ఉండిపోయింది. ఎందుకనేది చివర్లో చెప్తా. చెప్పక తప్పదు, ఈరోజు టాపిక్ దాంట్లోంచే వచ్చింది.

టాపిక్ ఏందంటే, కంపానియన్లు. ఆర్పీజీ గేముల్లో డబ్బులిచ్చి వెంట తిప్పుకుంటాం చూడండి, ఆ మనుషులు. వాళ్ళకు ఎంత ఇవ్వాల, ఏం తొడగాల, గుహలో దొరికిన లూట్‌లో వాళ్ళ వాటా ఏంది. "అన్నా, బెస్ట్ కంపానియన్ ఎవరు?" అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు ఐదు నిమిషాల్లో చెప్పేయొచ్చు. దాని పక్కనే ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని ఎవరూ అడగరు. ఆ కంపానియన్‌కు నువ్వు ఎట్లాంటి లీడర్‌వి?

స్కైరిమ్‌తో మొదలుపెడదాం, అందరూ ఆడిందే కాబట్టి. 2011లో వచ్చిన గేమ్, ఇప్పటికీ నా సిస్టమ్‌లో ఉంది. అందులో వైట్‌రన్ ఊర్లో డ్రంకెన్ హంట్స్‌మన్ అనే సారాయి అంగడి ఉంటుంది. అక్కడ జెనాసా అని ఒకామె కూర్చొని ఉంటుంది. 500 నాణేలిస్తే నీ వెంట వస్తుంది. రిఫ్టెన్‌కు పోతే మార్కూరియో అని మంత్రగాడు, వానిదీ అదే రేటు. ఒక్కసారి 500 ఇచ్చినావా, అంతే. నెల జీతం లేదు, బత్తా లేదు. వంద గుహలు తిప్పు, డ్రాగన్ ముందు నిలబెట్టు, ఒక్క పైసా అడగరు. కాకపోతే "ఇంక చాల్లే, పో" అని పంపించి మళ్ళీ పిలిస్తే ఇంకో 500 కట్టాల.

ఇంక లిడియా గురించి చెప్పాల్సిన పనే లేదు. ఆమెకు ఆ 500 కూడా లేదు. ఊరి పెద్ద నీకు బిరుదిచ్చి, దాంతో పాటు ఆమెను ఇచ్చేస్తాడు. మనం ఏం చేస్తాం? డ్రాగన్ ఎముకలు ఆమెకే, ఇనుప కడ్డీలు ఆమెకే, అమ్ముడుపోని గొడ్డళ్ళు, జున్ను ముక్కలు అన్నీ ఆమె మీదే. ఇంక మోయలేనని చెప్తే ఒక ట్రిక్ ఉంది. వస్తువును కింద పడేసి, దాన్ని తీసుకో అని ఆర్డర్ ఇస్తే, బరువు లెక్క లేకుండా తీసేసుకుంటుంది. నేను కూడా ఆ ట్రిక్ మీద ఒక వీడియో చేసినా. మంచి వ్యూస్ వచ్చినాయి. (నవ్వు)

నవ్వొచ్చిందా? నాకు ఆ వీడియో చేసిన వారం తర్వాత నవ్వు రాలేదు. నేను లిడియాగా పని చేసినోణ్ణి.

మా ఊరు తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలం ఎనిమిది కిలోమీటర్లు, అక్కడిదాకా బస్సు పోతుంది. ఆడనుంచి అసలు కథ. వరాహ నరసింహుడు, మాలోల నరసింహుడు, ఆపైన జ్వాలా నరసింహుడు, ఇంకా ఓపిక ఉంటే ఉగ్రస్తంభం. మెట్లు కొంత దూరం ఉంటాయి, తర్వాత రాళ్ళే. భవనాశిని వాగు దాటాల. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నుంచి వచ్చేవాళ్ళకు దారి తెలీదు. అందుకని గైడును మాట్లాడుకుంటారు. డిగ్రీ చదివేటప్పుడు సెలవుల్లో నేనూ, మావాడూ ఆ పని చేసినాం. మావాడంటే నా ఫ్రెండు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను.

గైడంటే దారి చూపించేవాడు, అంతే కదా? మాట్లాడుకునేటప్పుడు అంతే. వంద మెట్లు ఎక్కంగానే ఒకాయన వాటర్ బాటిల్ ఇస్తాడు. ఇంకొంచెం పోతే ఆమె హ్యాండ్ బ్యాగు. తర్వాత పిల్లోని బ్యాగు. తర్వాత పిల్లోడే. జ్వాలా నరసింహుని కాడికి పోయేసరికి నా రెండు భుజాల మీదా బ్యాగులు, మెడలో కెమెరా, చేతిలో నలుగురి చెప్పులు. పైగా కోతులు. మా కోతులు మామూలు దొంగలు కావు, బ్యాగు జిప్పు తీయడం వాటికి వచ్చు. కోతి బిస్కెట్ ప్యాకెట్ ఎత్తుకుపోతే "ఏం చూస్తాండావయ్యా నువ్వు?" అని నన్నే అంటారు. కిందికి వచ్చినాక ముందు మాట్లాడుకున్న డబ్బు లెక్కపెట్టి ఇస్తారు. బ్యాగుల సంగతి ఎవరూ ఎత్తరు. ఎందుకంటే దాన్ని ముందు మాట్లాడుకోలేదు.

అందరూ అట్లే ఉంటారని చెప్పను. ఒక పెద్దాయన ఉగ్రస్తంభం కాడ తన టిఫిన్ బాక్సు తెరిచి, పులిహోర సగం నాకు పెట్టినాకనే తను తిన్నాడు. ఆరేళ్ళయింది, ఆయన మొహం గుర్తుంది. బ్యాగులిచ్చినోళ్ళ మొహాలు ఒక్కటీ గుర్తు లేవు.

సరే, గేముల్లోకి వద్దాం. ఈ వాటా సంగతి గేములు తయారుచేసేవాళ్ళు మొదటి నుంచీ ఆలోచించినారు. మనకే పట్టలేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినారు. కంప్యూటర్ కాదు, కాగితం, పెన్సిలు, పాచికలు. ఇప్పుడు మనం ఆడే ఆర్పీజీలకన్నిటికీ అది అమ్మమ్మ లాంటిది. అందులో కరిష్మా అని ఒక లెక్క ఉంటుంది. చాలామంది కరిష్మా అంటే అందంగా ఉండటం, అంగట్లో బేరమాడటం అనుకుంటారు. దాని అసలు పనుల్లో ఒకటి ఏందంటే, నీ వెంట ఎంతమంది మనుషులు ఉండగలరు, వాళ్ళు నిన్ను ఎంతవరకు అంటిపెట్టుకుంటారు అనేది తేల్చడం. గుహలో దెబ్బ తగిలినప్పుడు డంజన్ మాస్టర్ పాచికలు వేస్తాడు. నువ్వు వాళ్ళను బాగా చూసుకోకపోతే వాళ్ళు పారిపోతారు. 1970ల చివర్లో వచ్చిన అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో ఇంకో లెక్క పెట్టినారు. నమ్మకస్తునిగా వెంట ఉండేవాన్ని హెంచ్‌మన్ అంటారు. వానికి ఎక్స్‌పీరియన్స్‌లో సగం లెక్క. అంటే లీడర్‌కు రూపాయి అయితే వానికి అర్ధ రూపాయి. ఈ అర్ధ రూపాయి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తర్వాత కంప్యూటర్లు వచ్చినాయి. పాచికలేసే మాస్టర్ పోయినాడు. కంపానియన్ నోరు మూసుకున్నాడు.

2000లో డయాబ్లో 2 వచ్చినప్పుడు కిరాయి మనుషులకు నువ్వు ఏమీ తొడగలేవు. చస్తే చచ్చినట్టే, లేపే దారి లేదు. మరుసటి సంవత్సరం లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ వచ్చినాక మారింది. వానికి ఒక టోపీ, ఒక కవచం, ఒక ఆయుధం నువ్వే ఇయ్యొచ్చు. చస్తే డబ్బు కట్టి లేపుకోవచ్చు, వాని లెవెల్ పెరిగేకొద్దీ ఆ రేటు 50,000 దాకా పోతుంది. ఇక్కడ ఒక చిన్న టిప్, ఆడేవాళ్ళ కోసం: రెండో ఆక్ట్‌లో గ్రీజ్ దగ్గర బల్లెం పట్టుకున్నోణ్ణి తీసుకోండి. మ్యాజిక్ వాడే క్యారెక్టర్ మీదైతే, వాని చేతికి ఇన్‌సైట్ రూన్‌వర్డ్ ఇవ్వండి. నీ మానా అయిపోదు, వాడు పక్కన నిలబడితే చాలు. చూడండి, మంచి ఆయుధం వానికిచ్చినా లాభం నీదే. చాలామంది బాగున్నదంతా తమకే ఉంచుకొని, చిరిగిపోయింది కిరాయోనికి తొడిగి, "వీడు ఊరికే చస్తున్నాడు" అని తిడతారు.

కానీ ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చిన గేమ్ మౌంట్ అండ్ బ్లేడ్ వార్‌బ్యాండ్, 2010ది. గ్రాఫిక్స్ చూస్తే మీరు నవ్వుతారు. అయినా మనుషుల్ని మేపడం అంటే ఏందో ఆ గేమ్ నేర్పించినట్టు ఇంకోటి నేర్పించలేదు. అందులో వారం వారం జీతం కట్టాల. కట్టకపోతే మొరేల్ పడిపోతుంది, మనుషులు రాత్రికి రాత్రి జారుకుంటారు. తిండి కూడా ఒకే రకం పెడితే సరిపోదు. రొట్టెతో పాటు మాంసం, పండు, చేప, వెరైటీ ఉండాల. కంపానియన్లలో ఒకడంటే ఇంకొకనికి పడదు. ఇద్దరు ఎదురుబొదురు గొడవపడి నీ దగ్గరికి పంచాయతీకి వస్తారు. కొంతమందికి నువ్వు ఊళ్ళు దోచడం నచ్చదు. పల్లె మీద పడి పశువులు, ధాన్యం ఎత్తుకొస్తే లూట్ స్క్రీన్ నిండుగా కనిపిస్తుంది, నీకు సంతోషం. కానీ నీ గుంపులో ఒకడు వచ్చి "ఇదేం పని?" అంటాడు. పట్టించుకోకుంటే పోతాడు. నేను మొదటిసారి ఆడినప్పుడు మూడు పల్లెలు దోచినా. నాలుగో రోజుకు నా గుంపులో గాయాలకు మందు వేసే మనిషి లేడు. తర్వాతి యుద్ధంలో సగం మంది పోయినారు. కొల్లసొమ్ము లెక్క చూస్తే లాభం, గుంపు లెక్క చూస్తే నష్టం.

ఈ గేమ్ ఆడుతుంటే మా నాన్న వెనక నిలబడి చూసినాడు ఒకసారి. "ఏందిరా ఇది, పాళెగాళ్ళ మాదిరి ఉంది?" అన్నాడు. అప్పుడు తట్టింది నాకు.

పాళెగాళ్ళు అంటే మీలో చాలామందికి సినిమాలు గుర్తొస్తాయి. అసలు సంగతి వేరే. విజయనగరం కాలం నుంచి ఈ దిక్కున, కొండల అంచుల్లో, ఊళ్ళ మీద పెత్తనం చేసే నాయకులు వీళ్ళు. పైనున్న రాజుకు పేష్కష్ కట్టాల, యుద్ధమొస్తే మనుషుల్ని తీసుకుని పోవాల. ఆ మనుషులు యాడనుంచి వస్తారు? వాళ్ళకు జీతం ఎవరిస్తారు? ఇక్కడే మన టాపిక్.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చినాడు. దత్తమండలాలు అంటారు. అప్పుడు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో లెక్క ప్రకారం ఇక్కడ 80 మంది పాళెగాళ్ళు, వాళ్ళ కింద దాదాపు 30,000 మంది ఆయుధాలు పట్టిన బంట్రోతులు. వీళ్ళంతా దోపిడీ మీద బతికేవాళ్ళని కంపెనీ మాట. కొంత నిజమే, ఊళ్ళు దోచినోళ్ళు ఉన్నారు. కానీ దోపిడీ ఒక్కటే అయితే అన్ని తరాలు నడవదు. వార్‌బ్యాండ్‌లోనే మూడు పల్లెలకు గుంపు విరిగిపోయింది కదా.

దోపిడీ ఒక్కటే జీతం అయితే ఎట్లుంటుందో చూడాలంటే పిండారీలను చూడాల. గుర్రాల మీద వేల మంది. జీతమనేది లేదు, దోచుకున్నదే జీతం. పైగా దోచుకోనిచ్చినందుకు పై సర్దారుకు దాంట్లో వాటా కట్టాల. అంటే లూట్‌లో కంపానియన్‌కు లీడర్ ఇవ్వడం పోయి, కంపానియనే లీడర్‌కు కడుతున్నాడు. 1816లో వాళ్ళు గుంటూరు దాకా వచ్చి పడినారు, మన కడప వైపు ఊళ్ళూ దోచుకుని పోయినారు. మరుసటి ఏడాదే కంపెనీ యుద్ధం మొదలుపెట్టింది, 1818కల్లా పిండారీలు చెదిరిపోయినారు. జీతం లేని మనిషి గెలిచినన్ని రోజులు నీవాడు, ఓడిన రోజు ఎవరివాడూ కాదు.

మా ఊరికి కూడా ఈ కొల్ల కొత్త కాదులెండి. 1579లో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా సేనాని మురహరిరావు అహోబిలం గుడి మీద పడి దోచుకుపోయినాడు. అది పెద్ద కథ, ఇంకో రోజు చెప్తా.

పాళెగాళ్ళ పద్ధతి పిండారీల లాంటిది కాదు. వాళ్ళ దగ్గర కట్టుబడి అని ఒక మాట ఉంది. కట్టుబడి బంట్రోతుకు నాయకుడు కొంచెం భూమి ఇనాంగా ఇస్తాడు. మామూలు రోజుల్లో వాడు ఆ చేను దున్నుకుంటాడు, ఊరికి కావలి కాస్తాడు. నాయకుడు పిలిచిన రోజు కత్తో, బల్లెమో పట్టుకుని రావాల. కొడుకు కొడుకుకు అదే పని, అదే చేను. ఇప్పుడు స్కైరిమ్‌తో పోల్చండి. అక్కడ 500 నాణేలు, చేతిలో పడంగానే లెక్క తీరిపోయింది. ఇక్కడ లెక్క తీరదు. ప్రతి పంటకూ ఆ జీతం మళ్ళీ వస్తానే ఉంటుంది. వాడు పారిపోతే పోయేది జీతం ఒక్కటే కాదు, ఇల్లు, చేను, ఊరు అన్నీ పోతాయి.

కంపెనీ వచ్చినాక పాళెగాళ్ళ కోటలు పోయినాయి, భూములు పోయినాయి. లొంగినోళ్ళకు నెలకింత అని భత్యం కట్టినారు. కట్టుబడి వాళ్ళను కొన్నాళ్ళు ఊరి కావలికి వాడుకున్నారు. తర్వాత "మీతో పని లేదు" అనుకున్నారు. ఇనాందారు చచ్చిపోతే వాని కొడుక్కు భూమి పోకుండా, సర్కారు వెనక్కి తీసుకోవడం మొదలైంది. కాగితం మీద చూస్తే మంచి ఆదా. గేమ్ భాషలో చెప్పాలంటే, పనిలేని కంపానియన్లను డిస్మిస్ కొట్టినారు, వాళ్ళ ఐటమ్స్ వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దగ్గరికి వస్తున్నా. సినిమా చూసినారు, 2019లో. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టినారు. మా ఆళ్ళగడ్డ దాటితే ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల, నొస్సం అన్నీ దగ్గర దగ్గర ఊళ్ళే. నల్లరేగడి నేల. అప్పట్లో కోవెలకుంట్ల కడప జిల్లా కింద ఉండేది.

ఆయన వంశానికి కంపెనీ కట్టిన భత్యంలో ఆయన వాటా నెలకు ఎంతో తెలుసా? 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నాకు ఈ లెక్క చూసినప్పుడల్లా ఆ 8 పైసలు ఎవరు లెక్కపెట్టినారో అనిపిస్తుంది. కోటలుండిన ఇంటికి అణాల మీద పైసలు కూడా తెగ్గోసి ఇచ్చినారు. అదీ సరిగ్గా ఇవ్వలేదని గొడవ. సినిమాల్లో ఇక్కడ హీరో మొహం చూపిస్తారు. నేను వెనక నిలబడినోళ్ళ మొహాలు చూడమంటా.

11 రూపాయలతో వేలమందిని కిరాయికి పెట్టుకోలేవు. ఎట్లా లెక్కేసినా కుదరదు. 1846లో ఆయన వెంట వచ్చినోళ్ళలో పెద్ద భాగం ఆ కట్టుబడి ఇనాంలు పోయినోళ్ళు. ఆయన వాళ్ళను కొనలేదు. కంపెనీ వాళ్ళ జీతం కోసేసింది, వాళ్ళు వచ్చి ఈయన వెనక నిలబడినారు. వడ్డె ఓబన్న, గోసాయి వెంకన్న లాంటి వాళ్ళ పేర్లు జనానికి ఇప్పటికీ తెలుసు. అందరూ కలిసి కోవెలకుంట్ల ఖజానా మీద పడినారు. గిద్దలూరు వైపు పోయినారు, నల్లమల ఎక్కినారు. అక్టోబరు 6న పేరుసోముల దగ్గర కొండ మీద ఆయన్ను పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీసినారు. తలను కోట మీద వేలాడదీసి, 1877 దాకా అట్లే ఉంచినారు. ముప్పై ఏళ్ళు.

ఇది అందరూ చెప్తారు. తక్కువమంది చెప్పే లెక్క ఒకటుంది. ఆయనతో పాటు కేసులు పెట్టింది 901 మంది మీద. శిక్షలు పడింది 112 మందికి, ఐదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా. 112 మంది! వాళ్ళ పేర్లు నాకు తెలీవు, మీకూ తెలీవు. పార్టీలో లీడర్ చస్తే గేమ్ ఓవర్ స్క్రీన్ వస్తుంది, మనం లోడ్ చేసుకుంటాం. కంపానియన్‌కు ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఉంటాయని ఏ గేమూ చూపించలేదు నాకు. (కాసేపు మౌనం)

ఖజానా మీద పడింది డబ్బు కోసమే అనుకునేవాళ్ళున్నారు. నేనట్లా అనుకోను. ఖజానా అంటే తమ చేల మీద శిస్తు పోయి చేరే పెట్టె, తమ ఇనాం ఆగిపోయిన కచ్చేరి. లూట్ కోసం గుహలోకి పోవడం వేరు, నీ సొమ్ము ఆ గుహలో ఉందని పోవడం వేరు.

సరే. ఇప్పుడు చివర్లో చెప్తా అన్నది.

1998లో వచ్చిన మొదటి బాల్డర్స్ గేట్‌లో ఒక సంగతి ఉంది. నువ్వు చెడ్డ పనులు చేస్తా పోతే, నీ పేరు చెడిపోతే, మంచోళ్ళయిన కంపానియన్లు గుంపు వదిలేసి పోతారు. ఒంటి మీదున్న కవచం, చేతిలో కత్తి అన్నీ తీసుకునే పోతారు. నువ్వు ఇచ్చిన ఐటమ్సే. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో అయితే విథర్స్ దగ్గర 100 నాణేలకు హైర్లింగ్స్ దొరుకుతారు. వాళ్ళకు అలక లేదు, అప్రూవల్ లేదు, కథ కూడా లేదు. నేను చాలా రోజులు అదే బెస్ట్ అనుకున్నా.

ఈ ఛానెల్‌లో మీరు చూసిన 41 వీడియోలకు ఎడిటింగ్ చేసింది మావాడు. థంబ్‌నెయిల్ కూడా వాడే. పగలు గైడుగా కొండెక్కి దిగి, రాత్రి పదకొండుకు మా ఇంటికి వచ్చి రెండు దాకా కూర్చునేవాడు. మొదటి నెలలో వానికి 500 రూపాయలు ఇచ్చినా. "ఇంద, స్కైరిమ్ రేటు" అని జోక్ కూడా వేసినా. వాడు నవ్వినాడు. వాటా ఎంత అని నేను చెప్పలేదు, వాడు అడగలేదు. ఛానెల్‌కు డబ్బులు పడటం మొదలైంది. వంద డాలర్లు దాటితేనే ఇస్తారు కాబట్టి నెలనెలా రాదు. మూడుసార్లు పడింది. మొత్తం 27,400. వానికి బిర్యానీలు తినిపించినా. ఇంకేమీ ఇయ్యలేదు. సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డ్ కొన్నా నంద్యాల పోయి. ఛానెల్ కోసమే కదా అనుకున్నా. కార్డు మా ఇంట్లో ఉంది, నా సిస్టమ్‌లో ఉంది.

వాడు గొడవపడలేదు. కొట్లాడి ఉంటే బాగుండు. ఒకరోజు రాలేదు, రెండోరోజు రాలేదు. తన హార్డ్ డిస్క్ తీసుకుపోయినాడు. అందులో ఫుటేజ్ అంతా ఉంది, రాబోయే నాలుగు వీడియోల రికార్డింగ్‌తో సహా. నాకు కోపమొచ్చింది. "నా ఫుటేజ్ ఎత్తుకుపోయినాడు" అని మా అమ్మతో చెప్పినా. మా అమ్మ ఒకటే అడిగింది. "డిస్కు ఎవరిది?"

వానిదే.

కనుమ రోజు మా ఊర్లో పారువేట మొదలైంది. స్వామి పల్లకిలో ఊళ్ళు తిరగడానికి బయల్దేరుతాడు, తన పెళ్ళికి రమ్మని పిలవడానికి పోతాడని చెప్తారు. నలభై రోజుల పైనే తిరుగుతాడు. చెంచులు విల్లంబులు పట్టుకుని వస్తారు, వాళ్ళింటి అల్లుడు కదా స్వామి. ప్రతి ఏడాదీ మేమిద్దరం పోయి ఫోన్లో తీసేవాళ్ళం. ఈసారి నేనొక్కడే పోయినా. జనంలో చెయ్యి వణికింది, ఒక్క షాట్ సరిగ్గా రాలేదు. ఆ గుంపులో మావాడు ఎదురైనాడు, ఒక ఫ్యామిలీకి గైడుగా వచ్చినాడు, భుజాన రెండు బ్యాగులు.

మరుసటి రోజు లెక్క రాసుకుని ఎగువ అహోబిలం పోయినా. దారి పొడుగునా లెక్కేసుకున్నా. ఇందాక చెప్పిన అర్ధ రూపాయి రూలు పట్టుకున్నా. లీడర్‌కు ఒకటి, వెంట ఉన్నోనికి సగం. అంటే మూడింట ఒక వంతు. 27,400లో 9,133. న్యాయంగానే ఉంది కదా అనుకున్నా. కాగితం చూపించి, డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇట్లా ఉందని వివరంగా చెప్పినా.

వాడు మొత్తం విన్నాడు. కర్రలు అద్దెకిచ్చే చోట కూర్చున్నాం. కోతి ఒకటి నా కాగితం వైపే చూస్తా ఉంది.

"ఆ రూలు రాసినోడు లీడరా, బ్యాగు మోసినోడా?" అన్నాడు.

నాకు జవాబు రాలేదు. కాగితం వెనక్కి తిప్పి రెండు భాగాలు చేసినా. 13,700. ముందిచ్చిన 500 తీసేస్తే 13,200. అది కూడా ఒక్కసారిగా నా దగ్గర లేదు. కార్డు అమ్మితే కొంత వస్తుంది, వచ్చే నెల పడేదాంట్లోంచి కొంత. ఇకనుంచి వచ్చే ప్రతి పైసా సగం సగం, ముందే, రాసుకుని. 8 పైసలుంటే 4 పైసలు నీకు అన్నా. వానికి ఆ జోక్ అర్థం కాలేదు. నరసింహారెడ్డి భత్యం కథ అప్పటికింకా చెప్పలేదు.

"ముందు పాతది తేల్చు. కొత్తది తర్వాత చూద్దాం" అని లేచినాడు. కింద బస్సు దిగి ఒక గుంపు వస్తా ఉంది.

గ్రాఫిక్స్ కార్డు నిన్న అమ్మేసినా. 6,000 వచ్చింది, వానికి పంపించినా. అందింది అని మాత్రం మెసేజ్ పెట్టినాడు. ఈ వీడియో ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ మీద నేనే ఎడిట్ చేసినా, నాలుగు రాత్రులు పట్టింది. వాడు రెండు గంటల్లో చేసేవాడు. వచ్చే వారం వార్‌బ్యాండ్ కొత్తగా మొదలుపెట్టి, ఒక్క పల్లె కూడా దోచకుండా ఎంతదూరం పోతామో చూద్దాం. ఇంకా 7,200 బాకీ ఉంది. హార్డ్ డిస్క్ వాని దగ్గరే ఉంది.